రాజుగారి దయ నుండి మన హక్కు దాకా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాజ్యాంగబద్ధమైన రాజరికంలో ప్రభుత్వం ఎలా నడుస్తుందో నాలుగు మాటలు చెప్పమన్నారు. రాజులు పోయిన దేశంలో మనకెందుకీ ప్రస్తావన అని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్ళ పిల్లలు బ్రిటన్‌లోనో, కెనడాలోనో స్థిరపడుతున్నారు. అక్కడ పౌరసత్వం తీసుకునేవారు నేటికీ రాజుగారికి విధేయత ప్రకటించవలసిందే. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మన కోనసీమ కూడా కొంతకాలం అటువంటి రాజరికంలోనే ఉన్నది.

1947 ఆగస్టు 15న మనకు స్వాతంత్ర్యం వచ్చింది గాని గణతంత్రం రాలేదు. 1950 జనవరి 26 వరకు భారతదేశం డొమినియన్. దానికి రాజు ఆరవ జార్జి. గౌతమి అవతల యానాం ఫ్రెంచి రిపబ్లిక్కు క్రింద ఉంటే, ఇవతల మనం లండన్‌లోని రాజుగారి పేరన ఉన్నాం. 1950 ఆగస్టు 15న సింహాల ముద్రతో కొత్త నాణేలు వచ్చేదాకా రూపాయి నాణెం మీద ఆయన బొమ్మే చెలామణీ అయింది.

మరి పరిపాలించింది ఆయనేనా? కాదు. అదే ఈ పద్ధతిలోని కిటుకు. సింహాసనం ఒకరిది, నిర్ణయం మరొకరిది. రాజు పేరన ఢిల్లీలో గవర్నర్ జనరల్ ఉండేవారు. 1948 జూన్ 21న మౌంట్‌బాటన్ గారి స్థానంలో రాజాజీ వచ్చారు. నియమించింది రాజుగారే అయినా, పేరు చెప్పింది నెహ్రూ గారి మంత్రివర్గం. రాజ్యాంగ సభే శాసనసభగా కూడా కూర్చుని చట్టాలు చేసింది. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం కనుక ఇక్కడికి గవర్నరు, ఆయనకు సలహా చెప్పే మంత్రివర్గం మద్రాసులో ఉండేవి. ఢిల్లీలో ఫెడరల్ కోర్టు ఉన్నా, 1949 అక్టోబరు వరకు ఆఖరి అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే. వీటన్నిటి క్రింద రోజువారీ పనిని తాలూకా కచేరీ దాకా మోసినవాడు ఉద్యోగి.

ఆ ఉద్యోగి స్థితి ఏమిటి? 1935 భారత ప్రభుత్వ చట్టం 240వ సెక్షన్ ప్రకారం, రాజుగారికి ఇష్టమున్నంతకాలమే ఉద్యోగం. మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో రీడరుగా పనిచేసిన ఒకరిని అంతకుముందు ఉద్యోగం నుండి తొలగించారు. విచారణ నిబంధనలు పాటించలేదని ఆయన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళారు. నిబంధనలు పాటించని మాట నిజమేనని, అయినా దానిపై కోర్టులో దావా వేసే హక్కు లేదని, పైవారికి మొర పెట్టుకోవలసిందేనని తీర్పు వచ్చింది. 1937 నాటి లా రిపోర్టులలో ఆ కేసు ఉన్నది. పోనీ, రిట్టు వేద్దామా అంటే, మద్రాసు హైకోర్టు రిట్టు అధికారం మద్రాసు నగరం దాటి మఫసలు ప్రాంతానికి రాదని 1943లో పర్లాకిమిడి కేసులో అదే ప్రివీ కౌన్సిల్ తేల్చింది. కోనసీమ గుమాస్తాకు ఆ తలుపూ మూసే ఉన్నదన్నమాట. పెన్షను విషయంలో 1871 చట్టం ప్రకారం కలెక్టరు ధ్రువపత్రం ఇస్తే తప్ప సివిల్ కోర్టు దావా తీసుకోరాదు. అంటే పెన్షను సర్కారువారి దయ.

1950 రాజ్యాంగం ఈ ఇంటి గోడల్ని చాలావరకు అలాగే ఉంచింది. రాజు స్థానంలో రాష్ట్రపతి వచ్చారు. మంత్రివర్గం సలహా మేరకు నడుచుకోవడం 74వ అధికరణంలో చేరింది. "ఇష్టమున్నంతకాలం" అన్న మాట కూడా 310వ అధికరణంలో నిలిచింది. ఉద్యోగిని నియమించిన అధికారికంటే క్రిందివారు తొలగించరాదని, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1935 చట్టంలో ఉన్న రక్షణలు 311వ అధికరణంలోకి వచ్చాయి. గోడలు పాతవే గాని, తలుపులు కొత్తవి. చట్టం ముందు అందరూ సమానులని 14వ అధికరణం చెప్పింది. హైకోర్టు రిట్టు రాష్ట్రమంతటా చెల్లేటట్లు 226వ అధికరణం చేసింది. మన జిల్లా ఎవరి పేరు ధరించినదో ఆ డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షతన ముసాయిదా సంఘం రూపొందించిన రాజ్యాంగమిది.

ఆ తలుపు గుండానే మనవాళ్ళు లోపలికి వెళ్ళారు. పెన్షను ప్రభుత్వం ఇష్టం కొద్దీ ఇచ్చే బహుమానం కాదని, అది ఉద్యోగి హక్కని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1979లో కేంద్రం పెన్షను లెక్కను మెరుగుపరచి, ఆ ఏడాది మార్చి 31న గాని, ఆ తరువాత గాని రిటైరైన వారికే వర్తింపజేసింది. ఒక్క రోజు ముందు రిటైరైనవాడు చేసిన పాపమేమిటి? డి.ఎస్. నకారా గారు ఈ ప్రశ్ననే అడిగారు. 1982 డిసెంబరు 17న జస్టిస్ చంద్రచూడ్ అధ్యక్షతన ఉన్న రాజ్యాంగ ధర్మాసనం ఆ తేదీ విభజనను కొట్టివేసింది. మనం ఈనాడు సభ చేసుకుంటున్నది అందుకే.

అయితే కథ ముగిసిందనుకోవద్దు. పెన్షనర్లను వర్గీకరించి తేడాలు ఉంచే అధికారం తనకు మొదటినుంచీ ఉన్నదని 2025 ఆర్థిక చట్టం ద్వారా కేంద్రం తన పెన్షనర్ల విషయంలో రాయించుకున్నది. మనలో ఎక్కువమంది రాష్ట్ర పెన్షనర్లమే, మనకేమిటని ఊరుకోవడం తగదు. గోదావరికి ఎగువన గట్టు తెగితే దిగువ లంకలకు నీరు రాకుండా ఉంటుందా?

రాజరికాన్ని ఆంగ్లేయులు శాశ్వతంగా నరికి పారేయలేదు. 1689 నాటి హక్కుల చట్టం మొదలుకొని పార్లమెంటు ఒక్కొక్క ముడి వేస్తూ రాజుగారి ఇష్టాన్ని కట్టివేసింది. రాజు లేనిచోట కూడా "ఇష్టం" అనేది ఎవరి చేతిలోనో ఉంటుంది. దానికి ముడి వేయవలసినది పౌరులే. సబ్‌ట్రెజరీ నుండి వచ్చిన ఉత్తర్వు అర్థం కాకపోతే అడగండి. పి.పి.ఓ. నకలు, సర్వీసు కాగితాలు ఇంట్లోవారికి చూపించి భద్రపరచండి. రేపు కుటుంబ పెన్షను కోసం తిరగవలసింది వారే. ఒంటరిగా వెళ్ళలేనివారికి సంఘం తోడుండాలి. నెలనెలా మనం అందుకునేది దయాధర్మం కాదు, చేసిన సేవకు ఫలం. ఆ మాట మీ మనవలకు కూడా చెప్పండి.