సఖ్యత లేని వేదవ్యాపకం

(పొందూరులో విశ్వాసుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠం)



వేదవ్యాపక దీక్షను మనలో మరల ఎట్లా మేల్కొల్పుకోవాలి అన్న విషయం మీద మాట్లాడమని పెద్దలు నన్ను ఆదేశించారు. సెమినరీలో ఈ విషయం మీద నేను పరీక్ష రాశాను. మంచి మార్కులే వచ్చాయి. కాని దాని అర్థం నాకు బోధపడినది అక్కడ కాదు, ఈ ప్రాంతంలో నూలు వడికే ఒక ముసలమ్మ వీధి అరుగు మీద. ఆ సంగతి చెప్పబోయే ముందు, మనం ఎవరి చెమట ఫలమో ఒకసారి తలచుకోవడం న్యాయం.

ఆల్ప్సు కొండల చెంత సవోయి దేశంలో ఆన్సీ అను పట్టణం ఉన్నది. అక్కడ పీటర్ మెర్మియే గురువు 1838లో స్థాపించిన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ నుండి 1845లో కొందరు గురువులు, సహోదరులు ఓడ ఎక్కి మన దేశానికి బయలుదేరారు. (మనం వారిని ఫ్రెంచివారు అంటాము గాని, సవోయి ఫ్రాన్సులో కలిసినది 1860లో.) వారికి అప్పగించిన పొలం చిన్నది కాదు. ఇటు విశాఖ తీరం, అటు నాగపూరు, పైన ఒడిశా కొండలు. తెలుగు రాదు, మన ఎండ తెలియదు. 1849లో ఆన్సీ నుండే పునీత జోజప్పగారి మఠకన్యలు వచ్చి యానాంలో దిగారు. విశాఖ 1886లో మేత్రాసనమయినది. తిస్సో గారు మొదటి మేత్రాణులు. ఆ నూరేండ్లు 1986లో నిండాయి. 1993లో మన శ్రీకాకుళం వేరు మేత్రాసనమయినది. ఇది మీకు తెలిసిన చరిత్రే, ఎక్కువ చెప్పను.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆనాటివారు ఇక్కడికి వచ్చేటప్పుడు వారి చేతిలో ఏమి ఉన్నది? లెక్కలు లేవు, కట్టడాలు లేవు. ఫలితం కంటితో చూస్తామన్న హామీ కూడ లేదు. నిరీక్షణ అంటే అది. జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2025ను జూబిలీ సంవత్సరంగా ప్రకటించి, మనందరినీ నిరీక్షణా యాత్రికులు కమ్మన్నారు. ఆ సంవత్సరం ఏప్రిలు 21న వారు ప్రభువును చేరుకున్నారు. మే 8న ఎన్నికయిన పదునాలుగవ లియో పోపుగారు పెరూ దేశపు పేదల మధ్య చాల ఏండ్లు వేదవ్యాపకులుగా పనిచేసినవారు. బీదల పట్ల ప్రేమను గురించి ఫ్రాన్సిస్ పోపుగారు మొదలుపెట్టిన లేఖను వారే పూర్తిచేసి, 2025 అక్టోబరులో లోకానికి అందించారు. ఒకరు మొదలుపెట్టినది మరొకరు ముగించుట కూడ నిరీక్షణలోని భాగమే.

నిరీక్షణను గురించి మన జిల్లావారికి పుస్తకం చదివి చెప్పనక్కరలేదు. 2018 నవంబరులో గుజరాతు సముద్రంలో వేటకు వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాను పట్టుకొని చెరసాలలో పెట్టింది. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చారు. ఏడాదికి పైగా వారి ఇండ్లలోని ఆడవారు పొయ్యి వెలిగించుకుంటూ, పిల్లలను బడికి పంపుకుంటూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఎదురు చూశారు. ఎదురు చూచుట అంటే చేతులు కట్టుకొని కూర్చొనుట కాదని ఆ తల్లులు మనకు చూపించారు.

ఇక ముసలమ్మ సంగతి. ఆమె మన సభకు చెందినది కాదు. పొందూరు సన్న ఖద్దరుకు నూలు వడికే చేయి ఆమెది. ఈ సంచిక పట్నంవారు కూడ చదువుతారు గనుక చెబుతున్నాను. ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆపైన గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద వడుకుతారు. వెంట్రుక కన్న సన్నగా వచ్చే ఆ నూలు తీయడానికి పూట పూటంతా కూర్చోవాలి, దానికి వచ్చే కూలి కొంచెమే. ఆ అరుగు మీద నేను అప్పుడప్పుడు కూర్చొనేవాడిని. ఒకనాడు ఆమె రాట్నం ఆపకుండానే అడిగింది:

“ఏటి బాబూ, మీ గుడిలోన అందరూ ఒక తండ్రి బిడ్డలే అంటారు గదా. మరి ఆ రెండిళ్ళోలు కుళాయికాడ ఎదురుపడితే మొకం తిప్పుకొని ఎల్లిపోతారేటి?”

నాకు జవాబు రాలేదు. ఎందుకంటే ఆ తగవులో నా చేయి ఉన్నది. మా విచారణలోని ఒక ఊరిలో పండుగ ఖర్చుల లెక్క దగ్గర రెండు కుటుంబాలకు మాట పడింది. కూర్చోబెట్టి మాట్లాడవలసిన నేను, ఆదివారం పూజలో ప్రసంగ పీఠం మీద నుండి ఒక కుటుంబానికి తగిలేటట్టు మాట్లాడాను. పేరు చెప్పలేదు, కాని ఊరిలో అందరికి తెలుసు. మరుసటి వారం నుండి వారు గుడికి రావడం మానేశారు. “వస్తే వస్తారు, గుడి తలుపులు తెరిచే ఉన్నాయి గదా” అని నాకు నేను చెప్పుకున్నాను. ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ నేను వేదవ్యాపకాన్ని గురించి ప్రసంగాలు చేస్తూనే ఉన్నాను!

ముసలమ్మ మాట విన్న వారానికి ఆ ఇంటికి వెళ్ళాను. ఇంటాయన లేడని కూతురు చెప్పింది. ఆయన చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. రెండవసారి వెళ్ళినప్పుడు ఎదుటపడి నన్ను తిట్టవలసినంత తిట్టారు. నేను క్షమాపణ అడిగాను. అప్పుడు చూశాను, ఆయన ఎడమ చేతికి కట్టు ఉన్నది. అయిదు నెలలుగా డయాలిసిస్ చేయించుకుంటున్నారట. వారానికి మూడుసార్లు బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళి, నాలుగు గంటలు మిషను పక్కన పడుకొని, తూలుతూ ఒంటరిగా తిరిగి రావడం. మన ఊరివాడు, మన గుడివాడు. మనలో ఒక్కరికి తెలియదు.

సహోదరులారా, సరిగా ఆ నెలలలోనే మేము ఉద్దానం కిడ్నీ రోగుల కోసం గుడిలో చందా పోగుచేస్తున్నాము. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఏండ్ల తరబడి ఆ జబ్బు కుటుంబాలను తినివేస్తున్నది. దానికి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల పరిశోధన ఆసుపత్రి ప్రారంభమయినది, సంతోషమే. మన చందా కూడ మంచిదే. కాని దూరపు రోగికి డబ్బు పంపుట సులభం. మన మీద అలిగిన రోగి పక్కన బస్సులో కూర్చొనుట కష్టం. బీదల సేవ, సఖ్యత అని మనం రెండు వేరు వేరు శీర్షికలుగా రాసుకుంటాము. ఆ ఇంటి గుమ్మంలో నాకు అవి ఒక్కటే అయి కనిపించాయి. బలిపీఠం దగ్గర కానుకను విడిచిపెట్టి ముందుగా వెళ్ళి సహోదరునితో సమాధానపడమని ప్రభువు ఎందుకు ఆజ్ఞాపించారో ఆనాడు తెలిసింది.

సఖ్యత అంటే అన్యాయాన్ని మింగి ఊరకుండమని కొందరు బోధిస్తారు. అది నేను ఒప్పుకోను. పొరుగున ఒడిశాలో 2008 ఆగస్టులో కంధమాల్ జిల్లాలో మన విశ్వాసుల ఇండ్లు, గుడులు తగులబెట్టారు, ప్రాణాలు తీశారు. అక్కడి అగ్రపీఠాధిపతులు రాఫెల్ చీనత్ గారు పగ తీర్చుకోమనలేదు. అట్లని ఇంట్లో కూర్చోనూ లేదు. బాధితుల కోసం సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2016 ఆగస్టు 2న వారికి అదనపు పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆ నెల 14న చీనత్ గారు కన్నుమూశారు. ఆనాడు ప్రాణాలిచ్చిన కంతేశ్వర్ దిగాల్, ఆయన సహచరుల విషయంలో వేదసాక్షుల విచారణ మొదలుపెట్టడానికి 2023లో రోము అనుమతించింది. క్షమించుట, న్యాయం అడుగుట రెండూ ఒకే మనిషిలో ఉండగలవు.

మా ఊరి లెక్కల తగవు కూడ అట్లాగే. ఆ పుస్తకాలను మళ్ళీ తెరిచి అందరి ఎదుట చదివించాము. తప్పు ఇరువైపులా కొంత ఉన్నది, ఎక్కువ భాగం రాసినవారి అజాగ్రత్త. ఇప్పుడు యువజనులు ఇద్దరు వంతు వేసుకొని ఆయనతో డయాలిసిస్‌కు వెళుతున్నారు. వారిలో ఒకడు అవతలి కుటుంబం పిల్లవాడే. ఎవరూ వాడిని పంపలేదు, వాడే వెళ్ళాడు. పాస్కా పండుగకు ఆయన భార్య, పిల్లలు పూజకు వచ్చారు.

ఆయన మాత్రం ఇంకా రాలేదు. అవతలి ఇంటి పెద్ద “ముందు ఆయన్ని రానీయండి ఫాదరుగారూ, అప్పుడు చూద్దాం” అంటున్నారు. ఈయనా అదే మాట. వచ్చే ఆదివారం రెండవ పూజ అయిన తరువాత నేను మరల ఆ పెద్ద ఇంటికి వెళుతున్నాను. మీలో ఆయనకు దగ్గరివారు ఇద్దరు ముగ్గురు ఇక్కడ కూర్చొని ఉన్నారు. నాతో వస్తారా?