కలిమి నడుమ లేమి

కలిమి, లేమి అనేవి తెలుగులో జంటమాటలు. ఒకటి పెరిగితే రెండవది తరగవలెనని ఆ జంటే మనకు స్ఫురింపజేస్తుంది. ఒక కుటుంబం విషయంలో అది చాలావరకు నిజమే కావచ్చు. దేశాల విషయంలో మాత్రం ఈ లెక్క తరచుగా తప్పుతున్నది. అందుకు అమెరికా సంయుక్త రాష్ట్రాలను మించిన ఉదాహరణ దొరకదు.

ఆ దేశపు జనగణన శాఖవారి లెక్కల ప్రకారం 2023లో అక్కడ 3 కోట్ల 68 లక్షలమంది దారిద్ర్యరేఖకు దిగువన జీవించినారు. అనగా నూటికి 11 మంది. 1973లోనూ నూటికి 11 మందే. ఈ ఏభై సంవత్సరాలలో ఆ దేశపు తలసరి ఉత్పత్తి, ధరల పెరుగుదలను తీసివేసి చూచినా, రెట్టింపును మించినది. అట్లా పెరిగిన సంపద ఈ పదకొండుమంది గడపను ఎందుచేత తొక్కలేదన్నదే ఇప్పుడు మనం విచారించవలసిన ప్రశ్న.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడిన మన తెలుగువారు పంపే ఛాయాచిత్రాలలో ఈ పేదరికం కనిపించదు. అందుకు వారిని తప్పుపట్టనక్కరలేదు. అమెరికాలో పుట్టి పెరిగినవారికే అది కనిపించడం లేదని 1962లో మైకేల్ హారింగ్టన్ ‘ది అదర్ అమెరికా’ అనే గ్రంథంలో ఎత్తిచూపవలసివచ్చినది. కొండలోయలలో, నగరాల నడిబొడ్డునున్న పాతపేటలలో, ఒంటరి వృద్ధుల అద్దెగదులలో ఉన్నవారు మిగిలిన దేశానికి కంటబడరు. రాజమార్గాలు వారికి దూరంగా సాగిపోతవి.

ప్రశ్న మాత్రం హారింగ్టన్ కాలానికే పాతది. 1879లో హెన్రీ జార్జి అనే పత్రికా రచయిత అభివృద్ధి, దారిద్ర్యం చెట్టపట్టాలు వేసుకొని నడవడానికి కారణాన్ని వెదకుతూ ఒక ఉద్గ్రంథాన్నే ప్రకటించినారు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఆయన కన్నుల ఎదుటనే పెరిగినది. రైలుమార్గం వచ్చినది, భూమి ధర మిన్నంటినది, కూలివాని వాటా మాత్రం పెరగలేదు. సమాజమంతా కలిసి కల్పించిన విలువను భూమి యజమాని కౌలుగాను, అద్దెగాను తీసుకొని పోతున్నాడని, ఆ విలువపై పన్ను విధించడమే దీనికి మందు అని ఆయన వాదం. టాల్‌స్టాయి అంతటివాడు ఆ వాదానికి వశుడైనాడు. ఒక్క మందుతో సర్వరోగాలూ నయమవుతవన్న విశ్వాసాన్ని అంగీకరించడం కష్టమే. కాని రోగనిదానంలో ఆయన పట్టిన నాడి సరియైనదేనని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని మెక్‌డొవెల్ జిల్లాను చూస్తే అనిపిస్తుంది.

ఆ రాష్ట్రానికి దక్షిణపు కొసన, అపలాచియన్ కొండలలో ఉన్న జిల్లా అది. అక్కడి బొగ్గు ఉక్కు తయారీకి శ్రేష్ఠమైనది. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో దేశం మొత్తం మీద బొగ్గు తవ్వకంలో అగ్రగణ్యమైన జిల్లాలలో ఒకటిగా అది వెలిగినది. 1950లో జనాభా దాదాపు 99 వేలు. పిమ్మట గనులలోకి యంత్రాలు దిగినవి. గనిలోకి యంత్రం దిగితే ఏమవుతుందో సింగరేణి ప్రాంతపు శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. బొగ్గు బయటికి వస్తూనే ఉన్నది, తవ్వే చేతులతో పని తగ్గినది. 1960లో అధ్యక్షపదవికి పోటీచేస్తూ జాన్ కెన్నెడీ ఆ రాష్ట్రంలో పర్యటించి, అక్కడి లేమిని స్వయంగా చూచినారు. పదవి స్వీకరించిన తరువాత ఆహారపు కూపన్ల పథకాన్ని ప్రయోగాత్మకంగా ఆరంభించినారు. 1961 మే నెలలో ఆ ప్రయోగం మొట్టమొదట అమలైనది ఈ జిల్లాలోనే. 2020 నాటికి అక్కడి జనాభా 19 వేలకు పడిపోయినది. కుళాయి నీటిని నమ్మలేక రోడ్డుపక్క ఊటలనుంచి నీరు పట్టుకొనిపోయే కుటుంబాలు అక్కడ నేటికీ ఉన్నవి.

అంత బొగ్గు అమ్ముడుపోయినది గదా, ఆ సొమ్ము ఏమైనది? భూమీ, భూగర్భంలోని ఖనిజమూ చాలావరకు జిల్లా వెలుపలి కంపెనీలవి. ఆరు రాష్ట్రాలలోని 80 కొండజిల్లాలలో భూమి ఎవరి చేతిలో ఉన్నదో పరిశీలించిన ఒక బృందం 1981లో తన నివేదికను వెలువరించినది. భూమిలోను, ఖనిజ హక్కులలోను పెద్దభాగం స్థానికేతరులదేనని, వారు చెల్లించే ఆస్తిపన్ను బహుస్వల్పమని అందులో తేలినది. అమెరికాలో బడి నడిచేది చాలామట్టుకు స్థానికపు ఆస్తిపన్ను మీద. పన్ను రానిచోట బడి ఎట్లా బాగుపడుతుంది? రైలుబండ్లమీద బొగ్గు పోయినది, దానివెంట లాభమూ పోయినది. బొగ్గుధూళి పట్టిన ఊపిరితిత్తులు ఊరిలో మిగిలినవి.

గనిపని పోయినవారికి సాధారణంగా దొరికేది ఏ దుకాణంలోనో, హోటలులోనో కొలువు. కష్టే ఫలి అన్న సూత్రం మనకెంత ప్రియమో అమెరికనులకూ అంతే ప్రియం. దానిని ఒకసారి అంకెలలో పెట్టి చూద్దాము. కేంద్రప్రభుత్వం నిర్ణయించిన కనీసవేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 2009 జూలైలో ఆ రేటు అమలులోకి వచ్చినది. అటుతరువాత ఒక్క సెంటయినా పెరగలేదు. కొన్ని రాష్ట్రాలు తమంత తాముగా ఎక్కువ రేటు పెట్టుకున్నవి గాని, ఇరవై రాష్ట్రాలలో ఇదే అమలులో ఉన్నది. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 52 వారాలు, ఒక్కరోజు నాగా లేకుండా పనిచేసిన మనిషికి వచ్చేది 15,080 డాలర్లు. భార్యాభర్తలిద్దరూ అట్లా శ్రమిస్తే 30,160. నలుగురున్న కుటుంబానికి 2024లో ప్రభుత్వమే ప్రకటించిన దారిద్ర్యపు హద్దు 31,200 డాలర్లు. ఇద్దరి సంపూర్ణశ్రమ కూడా ఆ హద్దును దాటించలేకపోయినది.

పోనీ, ఆ హద్దు ఏమైనా ఉదారమైనదా అంటే అదీ కాదు. సాంఘిక భద్రతా శాఖలో ఉద్యోగినిగా ఉన్న మోలీ ఒర్షాన్‌స్కీ 1960 తరువాతి తొలి సంవత్సరాలలో దానిని రూపొందించినారు. మిక్కిలి పొదుపైన భోజనపు ఖర్చును తీసుకొని మూడింతలు చేసినారు. ఆనాటి కుటుంబాలు రాబడిలో సుమారు మూడవవంతు ఆహారానికి వెచ్చించేవి. నేడు భోజనపు వాటా తగ్గినది. ఇంటి అద్దె, వైద్యం, పసిపిల్లల సంరక్షణ భారమైనవి. హద్దును ధరల సూచీని బట్టి పెంచుతున్నారే గాని దాని పునాదిని మార్చలేదు.

పేదవాడు కావడంవల్ల అదనంగా పడే ఖర్చు మరొకటి ఉన్నది. జీతం వచ్చేలోపల అవసరం పడితే, రెండువారాల గడువుతో 100 డాలర్లు అప్పిచ్చి 15 డాలర్లు రుసుము పుచ్చుకొనే దుకాణాలు అనేక రాష్ట్రాలలో ఉన్నవి. ఏడాదికి లెక్కవేస్తే నూటికి 390 డాలర్ల వడ్డీ! మన పేటలలోని రోజువడ్డీ వ్యాపారికి ఈ గణితం కంఠోపాఠమే.

చదువు తక్కువగా ఉండడం, తల్లి ఒక్కతే పిల్లలను పోషించవలసిరావడం కూడా పేదరికానికి హేతువులని అక్కడి పండితులు కొందరు చెపుతారు. అందులో నిజం లేకపోలేదు; అట్టి కుటుంబాలలో పేదరికం హెచ్చే. అయితే నడవడిని సరిదిద్దకుండా పేదరికాన్ని తగ్గించలేమన్న తీర్మానం ఎంతవరకు నిలుస్తుందో అమెరికా చరిత్రే చెపుతున్నది.

1964 జనవరి 8వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించినారు. ఆ యుద్ధంలో గెలిచినది పేదరికమేనని 1988లో అధ్యక్షుడు రీగన్ పరిహసించినారు. చమత్కారం బాగానే ఉన్నది. కాని 65 ఏండ్లు దాటిన వృద్ధుల సంగతి చూడండి. 1959లో వారిలో నూటికి 35 మంది పేదలు. 2023లో పదిమందికి లోపు. ఈ నడుమ వృద్ధుల నడవడిలో వచ్చిన మార్పేమీ లేదు. పింఛను మారినది. 1935నాటి సాంఘిక భద్రతా చట్టం మొదట వ్యవసాయ కూలీలను, ఇండ్లలో పనిచేసేవారిని వెలిగా ఉంచినది. ఆ రోజులలో నల్లజాతి శ్రామికులలో అధికసంఖ్యాకులు ఆ రెండు పనులవారే. 1950 తరువాత వారినీ చేర్చుకున్నారు. 1965లో వృద్ధులకు వైద్యపు బీమా వచ్చినది. 1972నాటి శాసనం పింఛనును ధరలతో ముడిపెట్టినది. పింఛను పుచ్చుకొనే వృద్ధుని వద్దకు వచ్చి, నీ నడవడి ఎట్టిది, నీవిందుకు తగుదువా అని విచారించేవారు లేరు. అది ఆయన హక్కు.

పసిపిల్లల తల్లికి ఈ మర్యాద దక్కలేదు. 1996 శాసనం పేద కుటుంబాలకు నగదు సహాయం హక్కుగా ఉండడాన్ని రద్దుచేసి, రాష్ట్రాలకు ఏటా 1,650 కోట్ల డాలర్ల స్థిరమైన మొత్తాన్ని కేటాయించినది. ధరలు పెరిగినా ఆ మొత్తం పెరగలేదు. 1996లో పిల్లలుగల ప్రతి వంద పేద కుటుంబాలకు 68 కుటుంబాలు సహాయం పొందుతుండగా, 2020 నాటికి అది 21 కుటుంబాలకు దిగినది. గృహవసతిలోనూ ఇదే తంతు. సొంత ఇంటిమీది అప్పు వడ్డీకి శాసనంలో చెప్పిన పన్ను రాయితీ అర్హులందరికీ లభిస్తుంది. దానిలో సింహభాగం కలవారికే చేరుతుంది. అద్దె కట్టలేని పేదలకిచ్చే సహాయం మాత్రం అర్హులలో నలుగురికి ఒక్కరికి దొరుకుతుంది. మిగిలిన ముగ్గురూ వరుసలో నిలిచి ఉండవలసినదే.

హక్కుగా ఇస్తే ఏమవుతుందో పిల్లల విషయంలో కూడా ఒకసారి పరీక్ష జరిగినది. కోవిడ్ విపత్తు కాలంలో, 2021 మార్చిలో చేసిన చట్టం ప్రకారం ఆరేండ్లలోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్లు, అంతకు పెద్దపిల్లలకు 3,000 డాలర్లు చొప్పున, సంపాదన బొత్తిగా లేని కుటుంబాలకు సైతం మంజూరు చేసినారు. జూలైనుంచి డిసెంబరు వరకు అందులో సగం నెలనెలా ఇంటికి పంపినారు. ప్రభుత్వ సహాయాన్నీ, పన్నులనూ కూడా లెక్కలోకి తీసుకొనే రెండవ కొలమానం ఒకటి ఉన్నది. దాని ప్రకారం ఆ సంవత్సరం పిల్లలలో పేదరికం నూటికి 5.2కు దిగినది. అంత తక్కువ అంతకుముందెన్నడూ నమోదు కాలేదు.

పథకాన్ని పొడిగించే బిల్లు సెనేటు ముందుకు వచ్చేనాటికి అక్కడ ఇరుపక్షాలకు చెరి 50 ఓట్లు. బిల్లును ప్రతిపాదించిన పక్షానికే చెందిన సెనేటరు జో మాంచిన్ తాను దానికి ఓటు వేయజాలనని డిసెంబరులో ప్రకటించినారు. ఆయన అప్పటి వెస్ట్ వర్జీనియా ప్రతినిధి. మెక్‌డొవెల్ జిల్లా ఆయన రాష్ట్రంలోనిదే. పొడిగింపు ఆగిపోయినది. 2022లో పిల్లల పేదరికం నూటికి 12.4కు పెరిగినది. 2025 జూలైలో చేసిన మరొక చట్టం బిడ్డకు ఇచ్చే పన్ను రాయితీని 2,200 డాలర్లకు పెంచినది. రాబడి చాలీచాలని కుటుంబాల పిల్లలకు ఆ మొత్తం పూర్తిగా ముట్టదు.