పదో తరగతి కాయితం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈరోజు సెలవు. బట్టలు ఉతుక్కునే పని, ఇంటికి ఫోన్ చేసే పని పక్కన పెట్టి వచ్చారు. అందుకే సుత్తి లేకుండా చెప్తాం.

మమ్మల్ని సేఫ్టీ గురించి మాట్లాడమన్నారు. హెల్మెట్ గురించి రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో చెప్తూనే ఉన్నాం, మీరు వింటూనే ఉన్నారు, మధ్యాహ్నానికి తీసేస్తూనే ఉన్నారు. కాబట్టి ఈసారి వేరే సంగతి. పదో తరగతి గురించి. నవ్వకండి. ఈ హాల్లో పది తప్పినవాళ్ళెంతమంది అని చేతులెత్తమని అడగం. మా సైటులో ఉన్నవాళ్ళ సంగతి మాకు తెలుసు.

2012లో మా ఊరి నుంచి, జగిత్యాల దిక్కు నుంచి, దుబాయికి ముగ్గురం ఒకే విమానంలో వచ్చాం. మాలో ఒకడికి సివిల్ డిప్లొమా ఉంది. రెండోవాడు మాకంటే దాదాపు పదేళ్ళు పెద్ద, షట్టరింగ్ కార్పెంటర్, పదిలో లెక్కలు తప్పి ఆగిపోయినవాడు. మూడోవాడు ఎనిమిదిలోనే బడి మానేశాడు, కానీ పాస్‌పోర్టు మాత్రం పది పాసైనట్టు తీసుకున్నాడు. ఎట్లా తీసుకున్నాడో తర్వాత చెప్తాం.

ముందు డిప్లొమా వాడి కథ. అతనే ఇప్పుడు మైకు పట్టుకుని ఉన్నాడు. చదువున్నవాడు దిగగానే సూపర్‌వైజర్ అయ్యాడనుకుంటున్నారేమో. కాదు. హెల్పర్ వీసా మీద వచ్చాం. ఏజెంటు "ముందు పోవాలె, అక్కడికి పోయినంక అన్నీ మారుతయి" అన్నాడు. డిప్లొమా సర్టిఫికెట్ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. అమ్మ జాగ్రత్తగా లామినేషన్ కూడా చేయించింది. రెండేళ్ళు సిమెంటు బస్తాలు మోశాం. సైటు ఇంజనీరు డ్రాయింగ్ తిరగేసి పట్టుకుంటే, అన్నా అది తలకిందులుగా ఉంది అని చెప్పింది ఈ హెల్పరే. అప్పుడాయన నీ చదువేంటి అని అడిగాడు. చెప్పాం. కాయితం ఏది అన్నాడు. ఊళ్ళో ఉంది అన్నాం. "ఊళ్ళో ఉంటే లేనట్టే" అన్నాడు.

నిజమే. ఇక్కడి కార్మిక శాఖ ఉద్యోగాలను తొమ్మిది నైపుణ్య స్థాయిలుగా పెట్టింది. పై ఐదు స్థాయిల్లో ఉండి, హైస్కూలుకు పైబడిన చదువుకో దానికి సమానమైనదానికో ధ్రువీకరించిన సర్టిఫికెట్ ఉండి, నెల జీతం 4,000 దిర్హాములకు తగ్గకుండా ఉంటేనే స్కిల్డ్ కింద లెక్క. ఆ 4,000 మాటే కుటుంబ వీసా దగ్గరా వస్తుంది. 4,000 జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు. అంటే భార్యా పిల్లలను ఇక్కడికి తెచ్చుకోగలమా లేదా అన్నది కూడా చివరికి ఆ కాయితం దాకా పోతుంది.

ధ్రువీకరణ అంటే ఏంటో చెప్తాం, ఎందుకంటే ఇక్కడే మనవాళ్ళు ఏజెంట్ల చేతిలో పడతారు. మొదట మన రాష్ట్ర ప్రభుత్వం ముద్ర. తర్వాత భారత విదేశాంగ శాఖ ముద్ర. తర్వాత మన దేశంలో ఉన్న ఎమిరేట్స్ ఎంబసీ. ఇక్కడికొచ్చాక ఇక్కడి విదేశాంగ శాఖ. ఒక మెట్టు దాటితేగానీ తర్వాతి మెట్టు లేదు. అన్నిటికీ ఒరిజినల్ కావాలి. అమ్మ చేయించిన లామినేషన్ మీద ముద్ర పడదు కదా! దాన్ని ఊడదీసేసరికి కాయితం మూల చిరిగింది, బోర్డు నుంచి డూప్లికేట్ తెప్పించుకునేసరికి ఇంకో ఆరు నెలలు. దయచేసి ఇంటికి ఫోన్ చేసి చెప్పండి, పిల్లల మెమోలకు లామినేషన్ చేయించొద్దని.

ఇక మా షట్టరింగ్ అన్న. ఆయన పని గురించి చెప్పాలంటే, కాలమ్ బాక్సు కడితే ప్లంబ్ పట్టి చూడాల్సిన పని లేదు. దారం కట్టి ఒక పక్క మూడు, ఒక పక్క నాలుగు కొలిచి, అడ్డంగా ఐదు వస్తే మూలమట్టం సరిపోయిందంటాడు. అది పదో తరగతి లెక్కల పుస్తకంలో ఉన్న పైథాగరస్ సిద్ధాంతమే. చేత్తో వచ్చు. పరీక్షలో అదే తప్పాడు.

ఆయన్ను ఫోర్‌మన్ చెయ్యమని మేం రెండుసార్లు రాసి పంపాం. రెండుసార్లూ చదువు అన్న గడి ఖాళీగా ఉందని ఫైలు తిరిగొచ్చింది. ఆయన కింద పని నేర్చుకున్న కుర్రాడొకడు, పది పాసై ఐటీఐ చేసినవాడు, ఇప్పుడు ఆయనకే ఫోర్‌మన్. ఆ కుర్రాడు మంచోడు, ఇప్పటికీ "అన్నా" అనే పిలుస్తాడు. కానీ ఆ రోజు రాత్రి రూములో మా అన్న అన్నం తినలేదు. మేమూ ఏమీ మాట్లాడలేకపోయాం.

మూడోవాడి సంగతి చెప్పడానికి మాకు బాధగా ఉంటుంది, అయినా చెప్పాలి. మన పాస్‌పోర్టుల్లో ఈసీఆర్ అని ఉంటుంది కదా. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పది పాసవనివాళ్ళు కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. గల్ఫ్ దేశాలు ఆరూ ఆ జాబితాలో ఉన్నాయి. చాలామంది ఆ ముద్రను అవమానం అనుకుంటారు. కానీ ఆ అనుమతి వచ్చే దారిలో కంపెనీ కాంట్రాక్టు చూస్తారు, జీతం చూస్తారు, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పనిసరిగా చేయిస్తారు. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చెయ్యలేకుండా పోయినా పది లక్షలు. మనం చాయ్‌కి పెట్టే ఖర్చు కంటే తక్కువ.

మా మూడోవాడు ఇదంతా తలనొప్పి అనుకున్నాడు. ఏజెంటు దొంగ పదో తరగతి మెమో ఒకటి పుట్టించి, దాంతో ఈసీఆర్ లేని పాస్‌పోర్టు ఇప్పించాడు. అనుమతి లేదు, బీమా లేదు. ఒక సబ్‌కాంట్రాక్టర్ దగ్గర స్కాఫోల్డింగ్ మీద నుంచి పడ్డాడు. నడుము దెబ్బతింది. ఇప్పుడు ఊళ్ళో కర్ర సాయం లేకుండా నడవలేడు. పాలసీయే లేదు గనక ఆ పది లక్షల కోసం దరఖాస్తు పెట్టే దారి కూడా లేదు. పాస్‌పోర్టు కోసం తప్పుడు కాయితం పెడితే రెండేళ్ళ దాకా జైలుశిక్ష ఉందని తెలిసి, ఎవరినీ గట్టిగా అడగడానికి కూడా ఇంట్లోవాళ్ళు భయపడ్డారు. ఏజెంటు మాత్రం ఇప్పటికీ అదే ఆఫీసులో కూర్చుంటున్నాడు.

(నిజంగానే పది పాసై ఈసీఆర్ లేకుండా వచ్చినవాళ్ళకు కూడా ఒక మాట: మిమ్మల్ని ఎవరూ బీమా తప్పనిసరిగా చేయించరు. మీది మీరే చూసుకోవాలి.)

సరే, ఇప్పుడేం చెయ్యాలి? "నలభై దాటినయి తమ్మీ, ఇప్పుడు బడికి పొమ్మంటవా?" అని మా షట్టరింగ్ అన్న అడిగాడు. బడికి పోనక్కర్లేదు. ఓపెన్ స్కూల్ ఉంది. తెలంగాణకు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, దేశమంతటికీ ఎన్ఐఓఎస్. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పైవయసు పరిమితి లేదు. ఎన్ఐఓఎస్‌లో పది తెలుగు మాధ్యమంలో రాయొచ్చు. ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒకటి భాష. పాసు మార్కులు 33 శాతం. ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, మొత్తం తొమ్మిది అవకాశాలు. ఒకేసారి ఐదూ రాయాల్సిన పని లేదు. ఈసారి రెండు, వచ్చేసారి ఒకటి, అట్లా. పరీక్షలు ఏప్రిల్, అక్టోబర్ ప్రాంతాల్లో వస్తాయి. సెలవు ఎప్పుడు పెట్టుకోవాలో దాన్నిబట్టి చూసుకోండి. అందరూ పెళ్ళిళ్ళ సీజను చూసే సెలవు పెడతారు, ఒక్కసారి పరీక్ష చూసి పెట్టండి. గల్ఫ్‌లో కూడా ఎన్ఐఓఎస్ కేంద్రాలున్నాయి, ఫీజు మాత్రం ఇండియాలో కంటే ఎక్కువ.

ఇక్కడ ఒక మోసం ఉంది, ఏజెంటుది కాదు, మనకు మనం చేసుకునేది. ఎన్ఐఓఎస్‌లో లెక్కలు తప్పనిసరి కాదు. అందుకని చాలామంది లెక్కలు వదిలేసి సులువైనవి ఐదు పెట్టుకుంటారు. పది పాసయినట్టే, పాస్‌పోర్టుకు సరిపోతుంది. కానీ రేపు ఐటీఐలో ఎలక్ట్రీషియనో ఫిట్టరో చెయ్యాలంటే పదిలో లెక్కలు, సైన్సు ఉండాలి. పాలిటెక్నిక్‌కు లెక్కలు లేకుండా కుదరదు. లెక్కలు వదిలేస్తే తలుపు మనమే మూసుకున్నట్టు. అదీగాక ఆ లెక్కలు మనకు రావని ఎవరన్నారు? స్టీలు ఫిక్సర్లున్నారు ఇక్కడ. రాడ్డు మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని మీకు తెలియదా? పదహారు రాడ్డుకు 256 బై 162, కిలోన్నర పైచిలుకు. పన్నెండు మీటర్ల రాడ్డు దాదాపు 19 కిలోలు. ఇది నోటితో చెప్పేవాళ్ళు పది లెక్కలు రాయలేరంటే మేం నమ్మం.

ఇంకొకటి, చిన్నదే కానీ పనులాగిపోయేది ఇక్కడే. ఫారంలో పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఎట్లా ఉంటే అట్లాగే రాయండి. ఇంటిపేరు ముందా వెనకా, అక్షరాలు ఎన్ని, అన్నీ. బడికి పోనివాళ్ళ పాస్‌పోర్టుల్లో పుట్టిన తేదీ ఎవరో గుర్తున్నట్టు రాసి ఉంటుంది. సర్టిఫికెట్‌లో నిజం తేదీ వేయిద్దామని మీకనిపిస్తుంది. అప్పుడు రెండు కాయితాల్లో ఇద్దరు మనుషులవుతారు. తేదీ మార్చుకోవాలంటే ముందు పాస్‌పోర్టులో మార్చుకుని అప్పుడు చేరండి.

ఐటీఐ చేసినవాళ్ళ విషయం. ఎనిమిది మీద రెండేళ్ళ ఐటీఐ ట్రేడు చేసినవాళ్ళు ఎన్ఐఓఎస్ ద్వారా భాషా పరీక్ష లాంటివి రాసి పదికి సమానంగా, పది మీద చేసినవాళ్ళు ఇంటర్‌కు సమానంగా సర్టిఫికెట్ తెచ్చుకునే ఏర్పాటు 2016 నుంచి ఉంది. ఇది మన క్యాంపుల్లో చాలామందికి తెలియదు. సౌదీ పోయేవాళ్ళకు ఇప్పుడు ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్, ఏసీ మెకానిక్ లాంటి పనులకు ఇండియాలోనే నైపుణ్య పరీక్ష పెడుతున్నారు. చేతిపని ఒక్కటే కాదు, రాతపరీక్ష కూడా ఉంది. అంటే ఇంతకాలం చెయ్యి చూసి పనిచ్చినవాళ్ళు ఇప్పుడు రాత కూడా అడుగుతున్నారు.

ఇంటి దగ్గరున్న పిల్లల గురించి కొంచెం. మనలో రెండు రకాల తండ్రులున్నారు. "నా కొడుకు నాలాగా సిమెంటు పట్టకూడదు" అని అప్పుచేసి కార్పొరేట్ కాలేజీలో వేసేవాళ్ళు ఒకరు. "పది తప్పితే ఏం, పద్దెనిమిది నిండగానే వీసా తీస్తా" అనేవాళ్ళు ఇంకొకరు. ఈ రెండింటి మధ్యలో దారులున్నాయి. పది తర్వాత ఐటీఐ, మూడేళ్ళ పాలిటెక్నిక్, లేదంటే ఇంటర్‌లోనే ఒకేషనల్. ఒకేషనల్ చదివితే అక్కడే ఆగిపోతారని భయపడుతుంటారు. బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాస్తే పైచదువులకు పోవచ్చు. ఐటీఐ చేసినవాళ్ళు బ్రిడ్జి కోర్సు చేసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. పాలిటెక్నిక్ అయినవాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. చేతిపని నేర్చుకుంటే చదువు పోదు. అయితే ఈ దారులన్నిటికీ గేటు పదో తరగతే, అందులోనూ లెక్కలు. పది తప్పిన పిల్లవాడికి వీసా తీయడానికి ముందు సప్లిమెంటరీ ఫీజు కట్టండి. వీసాకయ్యే ఖర్చులో అది ఎంత?

కూతుళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. మా సైటుకొచ్చే కన్సల్టెంటు తరఫు క్వాంటిటీ సర్వేయర్ ఒక కేరళ అమ్మాయి. ఆమె ముందు మేం బిల్లులు పట్టుకుని నిలబడతాం. మన అమ్మాయిలు పాలిటెక్నిక్ సివిల్ చదవకూడదని రూలేం లేదు.

మా షట్టరింగ్ అన్న చివరికి చేరాడు. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి దాకా పని ఆపుతారు కదా, ఆ రెండున్నర గంటలు మనమంతా అట్టముక్కలు పరుచుకుని పడుకుంటాం. ఆయన అట్టముక్క మీద కూర్చుని లెక్కల పుస్తకం తీస్తాడు. మొదట్లో పక్కవాళ్ళు వెక్కిరించారు. ఇప్పుడు ఇద్దరు ఆయన పక్కన కూర్చుంటున్నారు. మేం పోయి చెప్పబోతే, "నువ్వు ఇంజనీర్ల లెక్క చెప్తవు తమ్మీ, నాకు అర్థం కాదు, వాడు చెప్పనీ" అని తన కింద పని నేర్చుకుని తనకే ఫోర్‌మన్ అయిన ఆ కుర్రాడిని పిలిపించుకుంటాడు. ఆ కుర్రాడే నేర్పిస్తున్నాడు.

తెలుగు, సోషల్, ఇంకోటి పాసయ్యాయి. సైన్సు, లెక్కలు మిగిలాయి. లెక్కలు అక్టోబర్లో రాస్తానంటున్నాడు. సెలవు దరఖాస్తు మీద మేం సంతకం పెట్టాం.

చేరదామనుకునేవాళ్ళు బయట టేబుల్ దగ్గర పేరు రాయించండి. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ కాపీలు తెచ్చుకోండి. ఫారం నింపడానికి మేం ప్రతి సెలవు రోజు సాయంత్రం మెస్సు పక్క గదిలో ఉంటాం. దీనికి డబ్బులేమీ తీసుకోం, ఎవరైనా అడిగితే మాకు చెప్పండి.