పాత ఫెరారీ కొనాలనుకునే మన పిల్లలకు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను ముప్పయ్యేళ్లు మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా పనిచేశాను. బండ్ల గురించి తప్ప మరేం మాట్లాడలేనని కమిటీవారికి ముందే చెప్పాను. అదే మాట్లాడమన్నారు. ఎందుకంటే మన బడిలో చదివి పై దేశాల్లో స్థిరపడిన కుర్రాళ్లు ఈ మధ్య ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "మావయ్యా, పాత ఫెరారీ ఒకటి చవగ్గా వస్తోంది, కొనీమంటావా?"

ఇటలీ కారు మన చీపురుపల్లికి కొత్తేమీ కాదు. మనది ఇంకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రోజుల్లోనే ఫియట్ కారు ఈ రోడ్ల మీద తిరిగింది. ఇటలీ నమూనాతో బొంబాయిలో ప్రీమియర్ కంపెనీవాళ్లు తయారుచేసేవారు. 1964లో 1100 డిలైట్ వచ్చింది. 1974 నుంచి అదే ప్రీమియర్ పద్మిని అయింది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కన గేరు. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకే సెకండ్ హ్యాండ్ బండికి అంత గిరాకీ.

అప్పట్లో పెద్దలు పాత ఫియట్ ఎలా కొనేవారో గుర్తు చేసుకోండి. రంగు చూసి కొనేవారు కాదు. మేస్త్రీని వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్లేవారు, ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించాలి కాబట్టి. సైలెన్సర్‌లో నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు. రేడియేటర్ మూత తీస్తే నీళ్లు పాలటీలా ఉంటే హెడ్ గాస్కెట్ పోయినట్టు. కాళ్ల కింద మ్యాట్ ఎత్తి తుప్పు చూసేవారు. బండి సముద్రం ఒడ్డున తిరిగిందైతే మరీ జాగ్రత్తగా చూసేవారు. చివరికి, ఎవరి చేతిలో తిరిగిందని ఆరా తీసేవారు. ఫెరారీకైనా పరీక్షలివే. ఖర్చు మాత్రం వేరు.

పోయినేడాది నా స్నేహితుడి కొడుకు అమెరికా నుంచి అడిగాడు. అతనూ మన బడి విద్యార్థే. కారు ఎఫ్ 355. అది 1994లో వచ్చిన మోడల్: మూడున్నర లీటర్ల ఇంజిన్, ఎనిమిది సిలిండర్లు, ఒక్కోదానికి అయిదేసి వాల్వులు, మొత్తం నలభై. ఇక్కడ అమ్మానాన్నల ఇంటి అప్పు తీర్చడానికి దాచిన డబ్బులో సగం దానికి పెడదామనుకున్నాడు. చాలా తక్కువ తిరిగిన బండి అని సంబరపడ్డాడు.

తక్కువ తిరిగింది కదాని మురిసిపోకూడదు. ఆ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది. అది రబ్బరు. బండి షెడ్డులో ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ పాతబడుతుంది. తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి. ఈ మోడల్‌లో బెల్టు మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాలి. వాల్వు గైడ్లు అరగడం, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగలడం కూడా దీనికి తెలిసిన జబ్బులే. 1999లో వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక మూత తీసి బెల్టు మార్చొచ్చు. 2004లో వచ్చిన ఎఫ్ 430లో బెల్టు బదులు చైను పెట్టారు. పేరు ఒకటే, బిల్లు వేరు.

అతన్ని రెండు అడిగాను. "లీక్‌డౌన్ పరీక్ష చేయించావా? కొన్న మర్నాడే ఇంజిన్ దించాల్సొస్తే, అప్పు చెయ్యకుండా ఆ బిల్లు కట్టగలవా?" లీక్‌డౌన్ అంటే ఒక్కో సిలిండర్‌లోకి ఒత్తిడితో గాలి పంపి ఎంత బయటికి పోతోందో చూడడం. ఎనిమిదీ దాదాపు ఒకేలా ఉండాలి. పరీక్ష చేయిస్తే రెండు బాగా తేడా చూపించాయి. అమ్మేవాడు ధర తగ్గించలేదు. మనవాడు వదిలేశాడు. ముందు ఇంటి అప్పు తీర్చాడు. తరవాత నిదానంగా వెతికి, ఒక ముసలాయన దగ్గర 360 కొన్నాడు. ప్రతి ఆయిల్ మార్పూ తేదీతో రాసిన పుస్తకం, బిల్లుల కట్టా ఆ కారుతోపాటు వచ్చాయి.

అక్కడ కొని ఇక్కడికి తెచ్చుకుందామనే వాళ్లకో మాట. సాధారణంగా మన దేశంలోకి పాత కారు రావాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబై రేవులోనే దిగాలి. సుంకం సంగతి సచిన్ టెండూల్కర్ కారే చెబుతుంది. 2002లో షూమాకర్ చేతుల మీదుగా ఆయనకు 360 మోడెనా కానుకగా అందింది. దాని మీద సుంకం కోటి రూపాయలు దాటింది. మాఫీ మీద పెద్ద గొడవయ్యాక ఆ సొమ్ము ఫియట్ కట్టింది. 2011లో ఆ కారును సూరత్ వ్యాపారి ఒకాయన కొన్నారు. కానుకగా వచ్చినదానికే అంత లెక్క.

కాబట్టి కొనొద్దని నేను చెప్పను. కష్టపడి సంపాదించుకున్నవాడికి ఆ ముచ్చట ఉండొచ్చు. కానీ పాత బండి కొనడమంటే, దాన్ని ఇన్నాళ్లూ వాడిన మనిషి శ్రద్ధనో అశ్రద్ధనో కొనడం. ఆ మనిషిని చూడండి, కాగితాలు చూడండి, ఆఖర్న రంగు చూడండి.

చివరిగా కమిటీకి ఒక మనవి. ఇప్పుడు నేను చెప్పిన వాల్వు, పిస్టన్ ఎలా ఉంటాయో మన పిల్లలు బొమ్మలోనే చూస్తున్నారు. తుక్కులో దొరికే పాత పద్మిని ఇంజిన్ ఒకటి తెచ్చి, అడ్డంగా కోయించి, సైన్సు గదిలో పెడదాం. ఆ ఖర్చు నాది. చోటు మీరివ్వండి.

సెలవు.