మన రూంలో మనమే పోలీసులం, మనమే జడ్జిలం కావద్దు

(గత ఆదివారం సాయంత్రం క్యాంపు మెస్ హాల్లో జరిగిన మన నెలవారీ కూటంలో చేసిన ప్రసంగం ఇది. డ్యూటీ ఉండి రాలేకపోయిన సభ్యుల కోసం రాసి పంపుతున్నాం. చదవడం రాని తోటివాళ్లకు చదివి వినిపించండి.)



రోజూ ఈ టైంకు మీరు వంట మొదలుపెట్టాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి. అయినా వచ్చి కూర్చున్నారు. ఎక్కువ సేపు తీసుకోను.

పది రోజుల నుంచి మన గ్రూపుల్లో ఒకటే ముచ్చట నడుస్తున్నది. పక్క క్యాంపులో ఒక మనిషిని చంపిన్రు. పోలీసులు వచ్చిన్రు, కేసు నడుస్తున్నది. ఎవరు చేసిన్రో వాళ్లింకా చెప్పలేదు. కానీ మన గ్రూపుల్లో మాత్రం తీర్పు అయిపోయింది. పక్క రూం మనిషి ఫోటో పెట్టి, చుట్టూ ఎర్ర గీత గీసి, "వీడే" అని రాసిన్రు. ఒకరు "చూపు చూస్తేనే తెలుస్తలేదా" అంటే, ఇంకొకరు "ఆ రోజు డ్యూటీకి ఎందుకు పోలేదు" అన్నరు. అది నాకు ఏడుగురు పంపిన్రు. అందులో ముగ్గురు ఈ హాల్లోనే ఉన్నరు. తిట్టడానికి చెప్తలేను. ఇదే తప్పు నేను మీకంటే ముందు చేసిన, అందుకే మాట్లాడుతున్న.

2016లో నేను స్టీల్ ఫిక్సర్‌ని. మా క్యాంపులో ఒక మనిషి హత్య అయిండు. చనిపోయినాయన, నా కింది బెడ్డు ఆయన ఒకే జిల్లావాళ్లు, కలిసి వండుకునేవాళ్లు. హత్యకు వారం ముందు చిట్టీ పైసల మీద ఇద్దరికీ గట్టిగా మాట పెరిగింది. అది రూంలో అందరం విన్నం. హత్య అయిన రాత్రి రెండు గంటలకు ఈయన బాత్రూంలో చొక్కా ఉతుకుతుంటే ఒకరు చూసిన్రు. తర్వాత రెండు రోజులు అన్నం ముట్టలేదు. పోలీసులను చూసి వణికిండు.

మేం ఎనిమిది మందిమి రాత్రంతా కూర్చొని లెక్కలు కట్టినం. గొడవ ఉంది, చొక్కా ఉతికిండు, తింటలేడు, వణుకుతున్నడు. నాలుగూ కలిపితే మాకు హంతకుడు దొరికిండు. నేను నలభై సెకండ్ల వాయిస్ పెట్టిన: "వాడే చేసిండు, నాకు డౌటే లేదు" అని. తెల్లారేసరికి అది వాళ్ల ఊరికి చేరింది.

పోలీసులు ఇంకో నలుగురితో పాటు ఆయనను తీసుకపోయి, అడిగేది అడిగి, రెండు రోజులకు పంపించిన్రు. పదకొండో రోజున అసలు మనిషి దొరికిండు. వేరే కంపెనీ వాడు. గేటు కెమెరాతో పట్టుకున్నరు.

మరి చొక్కా సంగతేంది? ఆయనకు డ్యూటీ జతలు రెండే. తెల్లారి నాలుగింటికి బస్సు. అర్ధరాత్రి బట్టలు ఉతకనివాడు ఈ హాల్లో ఒక్కడున్నడా? చెయ్యెత్తండి. ఇక అన్నం ఎందుకు తినలేదు? రోజూ పక్కన కూర్చొని తినే మనిషి చచ్చిపోయిండు కాబట్టి. మేం చూసినవన్నీ నిజమే. వాటికి మేం కట్టిన అర్థమే అబద్ధం.

తప్పు ఒప్పుకుంటూ ఇంకో వాయిస్ పెట్టిన. మొదటిది ఊరు దాటి పోయింది, రెండోది గ్రూపు కూడా దాటలేదు. ఆయన బిడ్డను బడిలో "హంతకుని బిడ్డ" అన్నరు. భార్య బీడీల కార్ఖానాకు పోవుడు బంద్ చేసింది. ఆయన రాజీనామా ఇచ్చి ఇంటికి పోయిండు. నేను సెలవుకు పోయినప్పుడు వాళ్లింటికి పోయిన. ఆయన కుర్చీ వేసిండు, చాయ్ ఇచ్చిండు, ఒక్క మాట అనలేదు. నేను లేచేటప్పుడు భార్య గడపలో నిలబడి అడిగింది: "అన్నా, ఊరందరికీ చెప్పేముందు ఒక్కసారి మా ఆయననే అడగకపోయినవా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇది చదువు లేనివాళ్లు చేసే తప్పు అనుకోవద్దు. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే నగరం ఉంది. 2010 డిసెంబరులో అక్కడ 25 ఏళ్ల అమ్మాయి కనిపించకుండా పోయింది. క్రిస్మస్ రోజు శవం దొరికింది. ఆమె ఇంటి ఓనరు క్రిస్టఫర్ జెఫ్రీస్, రిటైరైన టీచరు, అదే బిల్డింగులో ఉండేవాడు. పోలీసులు డిసెంబరు 30న ఆయనను అరెస్టు చేసిన్రు. ఇక పేపర్లు మొదలుపెట్టినయి. జుట్టు వింతగా ఉందని, మనిషి తేడాగా ఉన్నాడని రోజుల తరబడి రాసినయి. తీరా చూస్తే హంతకుడు పక్క ఫ్లాటులో ఉండే ఇంజనీరు. డీఎన్‌ఏ పట్టిచ్చింది. 2011 అక్టోబరులో అతనికి యావజ్జీవం పడింది, కనీసం 20 ఏళ్లు లోపల ఉండాలని.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఇంజనీరే పోలీసులకు ఫోన్ చేసి, ఓనరు కారు ఆ రాత్రి కదిలిందని అనుమానం వచ్చేలా చెప్పిండు. అంటే వేలు చూపించడంలో అందరికంటే ముందున్నది అసలు దొంగనే. మన గ్రూపులో "వీడే, వీడే" అని ఎక్కువ అరిచేవాడికి ఎక్కువ తెలుసని అనుకోకండి. తర్వాత ఎనిమిది పేపర్లు జెఫ్రీస్‌కు పరిహారం కట్టినయి. రెండు పేపర్లకు కోర్టు జరిమానా కూడా వేసింది. వాళ్లకు పైసలున్నయి, కట్టిన్రు. మనం దేంతో కడతం?

మన దేశం సంగతి చూద్దాం. 2008 మే నెలలో నోయిడాలో ఆరుషి కేసు. టీవీలో అందరూ చూసిందే. పాప శవం ఇంట్లో దొరికింది. ఆ ఇంట్లో పనిచేసే నేపాలీ హేమరాజ్ కనిపించలేదు. ఇంకేం కావాలి? పనివాడు, పరదేశి, పైగా మాయమైండు. చంపి పారిపోయిండని అనుమానం మొత్తం ఆయన మీద పెట్టిన్రు. మరుసటి రోజు ఆ ఇంటి డాబా మీద ఆయన శవం దొరికింది. అందరూ హంతకుడని వెతుకుతున్న మనిషి, వాళ్ల నెత్తి మీదనే చచ్చి పడి ఉన్నడు. తర్వాత ఆ పాప తల్లిదండ్రులకు 2013లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఏళ్ల తరబడి తిరిగినా తేలని కేసును మనం చాయ్ తాగే లోపల తేల్చేస్తున్నం.

హేమరాజ్‌ది మన బతుకే తమ్ముళ్లూ. పొట్ట చేతపట్టుకొని పోయినోని మీదనే ముందుగా వేలు లేస్తది. ఆ బాధ తెలిసిన మనమే పక్క బెడ్డు మనిషి మీద వేలు లేపితే ఎట్ల?

మనవాళ్లు రెండు సామెతలు చెప్తరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నడని ఒకటి. పరదేశంలో, భాష రాని చోట, పోలీసు నిలబెట్టి అడిగితే దొంగే కాదు, దొర కూడా భుజాలు తడుముకుంటడు. భయం నేరానికి సాక్ష్యం కాదు. నిప్పు లేనిదే పొగ రాదన్నది రెండోది. మా క్యాంపులో పొగ వచ్చింది నిజమే, కానీ ఊదింది మేమే.

ఇక చట్టం సంగతి. ఈ దేశంలో 2021లో వచ్చిన 34వ నంబరు సైబర్ చట్టం ఉంది. ఆన్‌లైన్‌లో ఒకరి మీద నింద వేస్తే జైలు, రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండిట్లో ఒకటి పడొచ్చు. అనుమతి లేకుండా మనిషి ఫోటో తీసి పంచడం కూడా నేరమే. పుకారు వ్యాపింపజేస్తే కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాముల జరిమానా అని ఉంది. "నేను రాయలేదు సార్, ఫార్వర్డ్ చేసిన అంతే" అంటే తప్పించుకుంటమని అనుకోకండి. మన జీతంతో లక్ష దిర్హాములు ఎన్నేళ్లకు తీరుతయో మీరే లెక్క వేసుకోండి.

హత్య కేసంటే ఎంత బరువో మన సిరిసిల్లవాళ్లకు తెలుసు. నేపాలీ వాచ్‌మన్ మరణించిన కేసులో ఆ జిల్లా మనుషులు ఐదుగురు దుబాయ్ జైల్లో దాదాపు 18 ఏళ్లు ఉన్నరు. పిల్లలు పెద్దవాళ్లయిపోయినంక ఇల్లు చేరిన్రు. జైలు గేటు దాకా పోయే మాటను ఊసుపోక మాట్లాడవద్దు.

మరి నోరు మూసుకొని కూర్చోవాలా? అది కూడా తప్పే. చనిపోయినోనికీ తల్లి ఉంది, ఆమెకు న్యాయం కావాలి. అందుకే చేయాల్సింది చెప్తున్న:

1. చూసింది వేరు, విన్నది వేరు, అనుకున్నది వేరు. "రెండు గంటలకు చొక్కా ఉతికిండు" అన్నది చూసింది. "రక్తం కడిగిండు" అన్నది అనుకున్నది. పోలీసులకు చూసిందే చెప్పండి.

2. నిజంగా తెలిసిన సంగతి ఉంటే గ్రూపులో కాదు, పోలీసులకు చెప్పండి. అత్యవసరమైతే 999. దుబాయ్‌లో అల్ అమీన్ నంబరు 8004888, సమాచారం అక్కడ ఇవ్వవచ్చు.

3. మిమ్మల్ని పిలిచి అడిగితే అనువాదకుణ్ని అడగండి. అరబీలో రాసింది అర్థం కాకుండా సంతకం పెట్టవద్దు. తెలియనిదానికి "తెలియదు" అనండి.

4. మీ రూం మనిషిని పోలీసులు తీసుకపోతే ఆయన సామాను కదిలించవద్దు. మన గ్రూపు బాధ్యులకు చెప్పండి. భారతీయుల సహాయ కేంద్రం నంబరు 80046342, ఫ్రీ కాల్. ఇంటికి ఒక్కరే ఫోన్ చేయండి, "అడగడానికి పిలిచిన్రు" అని మాత్రమే చెప్పండి.

5. ఆ ఫోటో మీ ఫోన్లో ఉంటే ఎవరికీ పంపకండి. పంపినవాళ్లు వెంటనే అందరికీ డిలీట్ చేయండి. మీకు పంపినోనికి ఫోన్ చేసి, పంపవద్దని మీరే చెప్పండి.

ఆ పక్క రూం మనిషి చేసిండో లేదో నాకు తెలియదు. మీకూ తెలియదు. చేసి ఉంటే కోర్టు ఉంది, శిక్ష ఉంది. చేయకపోతే మాత్రం రేపు ఆయన తిరిగి అదే రూంకు రావాలి, అదే మెస్సులో తినాలి, అదే ఊరికి పోవాలి. అప్పుడు ఆయన మొఖం చూడగలిగేటట్టు మనం ఉండాలె.

ఇందాక ఈ హాల్లోకి వస్తుంటే ఒకరు చెప్పిన్రు, ఆయన నాలుగు రోజులుగా ఒక్కడే తింటున్నడని. ఇయ్యాల రాత్రి ఎవరైనా ఇద్దరు ప్లేట్లు పట్టుకొని పోయి ఆయన పక్కన కూర్చోండి. ఏమీ అడగవద్దు, తినండి అంతే.

సెలవు. అందరికీ నమస్కారం.