కరువులో కాలువ పని

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టప్రాంతాల వాళ్లకు కరువంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 1876-78 ధాత కరువులో, అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలులో, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్లు కాంట్రాక్టుకు తీసుకున్నారు. పలుగూ పారా పట్టిన పేదలకు కూలి డబ్బులు చేతికందాయి. తెలుగు బోధకులే మేస్త్రీలై ఎండలో గుంపు గుంపుకూ తిరిగారు, కష్టసుఖాలు విన్నారు, ధైర్యం చెప్పారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇంకొకటి. తిండి కోసం ఎవరూ మతంలో చేరకూడదని క్లౌ నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశారు. సాయం మాత్రం ఆపలేదు. ప్రేమకు షరతు పెట్టకపోవడమంటే అదే కదా! ఆ విరామం ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఆ బాప్టిస్టు మిషన్ మన ఉదయగిరికీ, ఆత్మకూరుకూ వచ్చింది.