పిల్లల నడిమి చెవిలో నీరు: శస్త్రము లేని చికిత్స
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై నేను చెవిని గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని బడికి పంపిన బిడ్డకు ఉపాధ్యాయుని మాట వినబడనిచో, మన మిచ్చు విద్యార్థివేతనముల వలన ఫలమేమి?

నా కుటుంబమునందే జరిగిన సంగతిని విన్నవించెదను. నా మేనల్లునికి అప్పుడు ఆరేండ్లు. పిలిచిన పలుకడు. టెలివిజను శబ్దము పెంచుమని మారాము చేయును. బడిలో వానికి మందబుద్ధి యని పేరు వచ్చినది. ఇంటిలో మేమందరము పొగరని తలచితిమి. వైద్యుడనై యుండియు నేను ఒకనాడు వానిని చెంపపై కొట్టితిని. తరువాత పరీక్ష చేయింపగా, రెండు చెవులయందును నీరు నిలిచియున్నట్లు తేలినది. వాని దోష మేమియు లేదు. ఆ దెబ్బ నేటికిని నా మనస్సును బాధించుచునే యున్నది. మీ యిండ్లలో అట్టి పొరపాటు జరుగకుండుటకే యీ నాలుగు మాటలు.

కర్ణభేరికి లోపలివైపున గాలితో నిండిన చిన్న గది యొకటి కలదు. దానిని నడిమి చెవి యందురు. ఆ గదినుండి ముక్కు వెనుకభాగమునకు సన్నని నాళము పోవును. 16వ శతాబ్దమునందలి ఇటలీ శరీరశాస్త్రవేత్త యూస్టేకి పేరున దానిని యూస్టేషియన్ నాళ మనుచున్నారు. మనము గుటక వేసినప్పుడును, ఆవులించినప్పుడును అది తెరచుకొని లోపలికి గాలి నిచ్చును. పిల్లలయందు ఈ నాళము పొట్టిగాను, ఇరుకుగాను, వాలు తక్కువగాను ఉండును. జలుబు చేసి అది మూసికొనిపోగా, లోపలి గాలి క్రమముగా ఇంకిపోయి నీరు ఊరును. కొందరిలో ఆ నీరు జిగురువలె చిక్కబడును. నొప్పియు జ్వరమును సాధారణముగా ఉండవు గనుక తల్లిదండ్రులు కనిపెట్టలేరు. వినికిడి మాత్రము సగటున 25 డెసిబెళ్లు తగ్గును. వ్రేళ్లతో చెవులు మూసికొని పాఠము వినుట యెట్టిదో ఆలోచింపుడు. పదిమంది పిల్లలలో తొమ్మండుగురికి బడియీడు రాకపూర్వమే ఒకమారైనను ఈ స్థితి కలుగుచుండును.

మొదట చేయరాని పనులను చెప్పెదను. చెవిలో వేడినూనెయు, వెల్లుల్లి కాచిన నూనెయు పోయుట మన యిండ్లలో వాడుక. కర్ణభేరి అడ్డుగోడ వంటిది. నీరున్నది ఆ గోడ కవతల. పోసిన నూనె అచ్చటికి చేరదు. భేరికి రంధ్రమున్నచో హాని కూడ కలుగవచ్చును. జలుబు మాత్రలును, ముక్కులో కొట్టు మందులును ఈ నీటిని పోగొట్టవు. ఇందుకై యాంటీబయాటిక్కులను వాడుటయు తగదు. స్టీరాయిడ్ మాత్రలను గూర్చి బ్రిటన్‌లో 389 మంది పిల్లలపై జరిపిన పరిశోధన 2018లో వెలువడినది. అయిదు వారములకు, మందు తిన్నవారిలో నూటికి 40 మందికిని, మందు లేని మాత్ర తిన్నవారిలో 33 మందికిని వినికిడి చక్కబడినది. ఈ భేదము యాదృచ్ఛికము కావచ్చునని పరిశోధకులు నిర్ణయించిరి. మందు లేకయే మువ్వురిలో ఒకరు బాగుపడిరని మనము గ్రహింపవలెను.

కావున మొదటి చికిత్స మూడు మాసముల నిరీక్షణ. నిరీక్షణ యనగా ఉపేక్ష కాదు. ఆ కాలమున బిడ్డకు ఎదురుగా నిలిచి, ముఖము కనబడునట్లు స్పష్టముగా మాటలాడవలెను. తరగతిలో ముందు బల్లపై కూర్చుండబెట్టవలెను. ఇంటిలో ఎవ్వరును పొగ త్రాగరాదు. పసిబిడ్డకు పడుకొనబెట్టి సీసాపాలు పట్టరాదు. మూడు మాసములు గడచిన పిమ్మట మరల వినికిడి పరీక్ష చేయింపవలెను.

ఈలోపల చేయదగిన సాధన మొకటి కలదు. ముక్కుద్వారా గాలిని పంపి ఆ నాళమును తెరచు పద్ధతిని వియన్నా నగర వైద్యుడు ఆడం పోలిట్జర్ 1863లో రబ్బరు తిత్తితో ప్రకటించెను. నేడు పిల్లలకై ముక్కుబుడగ వచ్చినది. బుడగకు అమర్చిన గొట్టమును ఒక ముక్కురంధ్రమున ఉంచి, రెండవదానిని వ్రేలితో మూసి, నోరు మూసికొని ముక్కుతోనే బుడగను ఊదవలెను. పిమ్మట రెండవ రంధ్రముతోను అట్లే చేయవలెను. బ్రిటన్‌లో 4 మొదలు 11 ఏండ్ల పిల్లలు 320 మందిపై జరిపిన పరిశోధన 2015లో ప్రకటింపబడెను. దినమునకు మూడుమార్లు ఊదినవారిలో మూడు మాసములకు నూటికి 50 మందికిని, ఊదనివారిలో 38 మందికిని నడిమి చెవి సహజస్థితికి వచ్చినది. లాభము గొప్పది కాదు. కాని ఖర్చు స్వల్పము, హాని అరుదు. చెవినొప్పి యున్నప్పుడు మానవలెను. వైద్యుని సలహాతోనే ప్రారంభింపవలెను.

నీరు తొలగక, రెండు చెవులయందును వినికిడి తక్కువగా నున్నచో, కొంతకాలము వినికిడి యంత్రమును వాడవచ్చును. అది సిగ్గుపడవలసిన విషయము కాదు. అంగిలి చీలికతో పుట్టిన పిల్లలను, మాటలు ఆలస్యమైన పిల్లలను మూడు మాసములు ఆగక నిపుణునికి చూపవలెను. అవసరమైనవారికి కర్ణభేరిలో చిన్న గొట్టము నమర్చు శస్త్రచికిత్స మేలు చేయును. శస్త్రము లేని చికిత్స యనగా శస్త్రమును నిందించుట కాదు. తొందరపడకుండుట, ఆలస్యము చేయకుండుట.

నా మేనల్లునికి బుడగయు, ముందు బల్లయు, ఓపికయు చాలినవి. ఒక చెవి ముందుగాను, రెండవది చాల ఆలస్యముగాను తేటపడినవి.

పోషక మహాశయులకు నా మనవి యిది. మన వసతిగృహమున చేరు ప్రతి బాలబాలికకును ఏటేట చెవి పరీక్ష చేయింపుడు. అందుకై ఒక దినము వినికిడి నిపుణుని రప్పించుటకు అగు వ్యయము ఒక సన్మానపు ఖర్చును మించదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద బడికి వచ్చు వైద్యబృందమునకు తల్లిదండ్రులు తమ బిడ్డలను తప్పక చూపింపవలెను.

చెవిటివాని ముందు శంఖ మూదినట్లని మనము సామెత చెప్పుదుము. వినబడని బిడ్డను కొట్టి చదువు చెప్పుట అట్టిదే. మందబుద్ధి యని పేరు పెట్టుటకు ముందు ఆ బిడ్డకు వినబడుచున్నదా యని ఒక్కమారు విచారింపుడు.